గరాటు లోయలో గొంతు

పదకొండేళ్ల కింద వానాకాలంలో అన్యాయమైపోయాడు పాఠాలు చెప్పే పైలట్ ఒకాయన. శిష్యుడితో సహా గరాటు లోయలో కూలిపోయాడు. "వెనక్కి తిప్పు" అని శిష్యుడికి మూడుసార్లు చెప్పినట్టు రికార్డరులో ఉంది. అయినా విచారణకొచ్చిన పెద్దమనుషులు తప్పంతా ఆయనదేనని రాసి చేతులు దులుపుకున్నారు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

అప్పట్నుంచీ ఆ లోయకి చెడ్డపేరు. పొద్దు వాలాక అటు వెళ్తే చెవిలో ఎవరో గుసగుసలాడతారట...

ఇది మా అక్క కూతురు చెప్పగా విన్నది. పైలట్ శిక్షణలో ఉంది. బక్కపల్చని పిల్ల, తోటివాళ్లు పిచ్చుక అంటారు.

ఆ సాయంత్రం ఒంటరిగా ఎగురుతోంది. పక్కపక్కనే రెండు లోయలు. వాలే పొద్దు ఎండలో రెండూ ఒక్కలాగే కనిపించాయి. వెళ్లాల్సినది వదిలేసి గరాటులోకి దూరింది.

లోయ సన్నబడింది. కొండగోడలకి జడిసి సరిగ్గా నడిమధ్యన పోయింది — కొత్తవాళ్లంతా చేసే తప్పే. మధ్యలో ఉంటే ఎటు తిరిగినా సగం చోటే మిగులుతుంది.

కింద నేల లేస్తోంది... విమానం కంటే తొందరగా. ముక్కు పైకెత్తింది. వేగం పడిపోయింది. ఎదురుగా దారి లేదు, కొండ.

టవర్‌ని పిలిచింది. కొండలు అడ్డం — జవాబు లేదు.

అప్పుడు చెవిలో... బొంగురు గుసగుస.

"ముక్కు దించు."

ఆడో మగో తెలియలేదు.

"కుడి గోడకి జరుగు... ఇంకా... అదేం కరవదులే."

జరిగింది. చెట్ల చివళ్లు రెక్కకి అందేంత దగ్గర.

"ఇప్పుడు ఎడమకి. ఆపకుండా తిప్పు."

తిప్పింది. అవతలి గోడ అద్దం నిండా వచ్చింది... మెల్లగా పక్కకి జారింది... ఆకాశం.

దిగాక టవర్ వాళ్లనడిగితే తెల్లమొహం వేశారు. "మేం మాట్లాడలేదమ్మా. అక్కడికి మా మాట అందదు."

ఇంకో పిల్లయితే దుప్పటి కప్పుకునేది. ఇది మర్నాడు, ఆ లోయలోకి మాట అందేది పైనుంచే కదా అని, గరాటు పైనున్న శిఖరం ఎక్కింది. అక్కడ గాలివేగం కొలిచే రేకుల గది. తలుపు ఓరగా ఉంది. చీకట్లో... ఎవరో కదిలారు.

"దెయ్యాన్ని చూడ్డానికొచ్చావా? లోపలికొచ్చి తలుపెయ్, చలి."

చేతిలో చిన్న రేడియోతో నెరిసిన జుట్టు మనిషి. గరాటులో పోయిన ఆ పైలట్ భార్య. ఈ ఉద్యోగం అడిగి మరీ వేయించుకుంది. కిటికీలోంచి గరాటంతా కనిపిస్తుంది.

"పేరు చెప్పి మాట్లాడొచ్చుగా అమ్మా? నా ప్రాణం సగం మీ గుసగుసకే పోయింది."

"ఈ రేడియోలో నేను మాట్లాడకూడదు. గొంతు గుర్తుపడితే ఉద్యోగం ఊడుతుంది. అయినా, బతికున్న ఆడదాని మాట ఎవడు వింటాడే? దెయ్యం చెబితే చచ్చినట్టు వింటారు. ఆయన చెప్పిన పాఠమే, ఒక్క ముక్క మార్చలేదు."

గాలి లెక్కల పుస్తకం వెనక పేజీ తిప్పి చూపించింది. ఆరు వరసలు పాతవి. ఏడో వరసలో సిరా ఇంకా నల్లగా ఉంది:

"ఒంటరి పిల్ల. చెప్పగానే తిరిగింది. నవంబరు 19, సాయంత్రం 4.42."