యంత్రం మీద ఆకుపచ్చ ప్యాకెట్

తైవాన్‌లోని కీలుంగ్ రేవులో వాన కురుస్తోంది. అక్కడ కురవని రోజుంటే అదే వార్త. చేపల బజారు వెనక గొడుగులు బాగుచేసే కొట్టులోకి ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న అందగత్తె ఒకామె వచ్చింది.

"నల్ల గొడుగుకి తెల్ల పిడి వేస్తారా?"

"వేస్తాం. వాన వెలిశాకే," అన్నాడు కొట్టువాడి వేషంలో ఉన్న ఏజెంట్ పోచెంగ్.

కోడ్ కుదిరింది. ఆమె పేరు మేయ్‌రు, డబుల్ ఏజెంట్. పెరిగింది మనీలాలో. విదేశీ ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది, కానీ ఆమె మన మనిషి. పోచెంగ్ ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టి, పై అంతస్తు నుంచి చీఫ్ జువాంగ్‌ను పిలుచుకొచ్చాడు. ఆమె కోటు అస్తరు చింపి ఫ్లాపీ తీసి ఇచ్చింది.

"రేవులో ఇన్ని పడవలు. ఒకదాంట్లో బాంబు, నాలుగింటికి పేలుతుంది," అన్నాడు చీఫ్. "అన్నీ ఆపామా, ముఠావాళ్ళు అనుమానం వచ్చి ముందే రిమోట్ నొక్కుతారు. ఏ పడవో ఈ ఫ్లాపీలో ఉంది. మిషన్ ఆన్ చెయ్."

మిషన్ అంటే పాతికేళ్ళు దాటిన 486 పీసీ. సంకేతాలు విప్పే ప్రోగ్రామ్ అందులో తప్ప ఇంకెక్కడా నడవదు. పోచెంగ్ స్విచ్ నొక్కాడు. పీసీ బీప్ అంది. తెరమీద తెల్లక్షరాలు వచ్చాయి: మెమరీ డ్రైవర్ లోడ్ కాలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

చీఫ్ చూపు మానిటర్ నెత్తిమీదికి పోయింది. "ప్యాకెట్ ఏది?"

కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి ఆకుపచ్చ ప్యాకెట్ పైన పెట్టకుండా మన తైవాన్‌లో ముఖ్యమైన యంత్రాన్ని నమ్మేవాడు లేడు. అది ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుంది. రంగు ఆకుపచ్చే కావాలి, గడువు దాటకూడదు, తినడం మహాపాపం. ఇదంతా చాదస్తమని నవ్వే ఇంజనీరు కూడా దాన్ని కదపడు.

"మనవాడెవడూ దాని జోలికి పోడు," అన్నాడు చీఫ్. "ఈ గదిలో ఒంటరిగా కూర్చున్న బయటి మనిషి ఒక్కతే. మిషన్‌నీ తనే చెడగొట్టింది. బేడీలు వెయ్యి."

"సార్, నేను కుర్చీలోంచి లేవలేదు," అంది మేయ్‌రు.

"నువ్వు తెచ్చిన ఫ్లాపీ కూడా ఉచ్చే అయ్యుంటుంది."

పోచెంగ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఖాళీ ప్యాకెట్ అతని జేబులోనే ఉంది. పొద్దుపోక మధ్యాహ్నం ఆ పీసీలో ట్యాంకుల గేమ్ ఆడాడు. ఈఎమ్ఎమ్ అనే మెమరీ డ్రైవర్ ఉంటే ఆ గేమ్ నడవదు, అందుకని పీసీ లేవగానే చదివే కాన్ఫిగ్ ఫైల్లో ఆ లైను చెరిపేశాడు. ఆటలో పడి చెయ్యి చాపి ప్యాకెట్ కూడా చించాడు. అంతలో మెట్లమీద చీఫ్ అడుగులు వినబడగానే కంగారుగా లైను మళ్ళీ కొట్టాడు. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది. అయినా చేతులు ఆమెకు బేడీలు వేశాయి. ఆమె ఒక్కసారి అతని ముఖంలోకి చూసి తల తిప్పుకుంది.

చీఫ్ ఫోన్ అందుకున్నాడు. "వేరే దారి లేదు. పడవలన్నీ ఆపేయమంటాను."

ఆపితే పేలుతుంది. పడవల్లో జనం ఉన్నారు.

"సార్, ఫోన్ పెట్టెయ్యండి." పోచెంగ్ జేబులోంచి ఖాళీ ప్యాకెట్ తీసి బల్లమీద పెట్టాడు. "తిన్నది నేనే. మిషన్ చెడగొట్టిందీ నేనే. గేమ్ ఆడాను."

చీఫ్ తిట్టకుండా ఫోన్ పెట్టేశాడు. తిడితే బాగుండేది.

"బాగుచెయ్యగలవా?"

పోచెంగ్ పీసీ మళ్ళీ ఆన్ చేసి ఎఫ్‌ఫైవ్ నొక్కి పట్టాడు. డ్రైవర్లన్నీ దాటేసి మామూలు డాస్ వచ్చింది. కాన్ఫిగ్ ఫైల్ తెరవగానే తన నిర్వాకం కనబడింది. ముందు హైమెమ్ అనే డ్రైవర్ ఎక్కాలి, దాని మీదే ఈఎమ్ఎమ్ నిలబడాలి. కంగారులో ఈఎమ్ఎమ్ లైను పైన కొట్టాడు. గోడ లేకుండా కప్పు వేసినట్టయింది. లైను కిందికి దించి రీబూట్ చేశాడు.

ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఫ్లాపీ కరకరలాడింది. తెరమీద జవాబు వచ్చింది: దీవి ఫెర్రీ, లైఫ్‌జాకెట్ల పెట్టె.

చీఫ్ ఫోన్‌లో ఆ రెండు మాటలే చెప్పాడు. ఫెర్రీలో టీ అమ్ముతున్న మన ఏజెంట్ పెట్టె మూత లేపి, నాలుగు కొట్టబోతుండగా తీగ కత్తిరించాడు. ఫెర్రీ వేళకే బయల్దేరింది.

బేడీలు విప్పుతూ పోచెంగ్ తలెత్తలేదు. "క్షమించండి మేడమ్."

"నేను వచ్చినప్పుడే నీ దగ్గర కొబ్బరి వాసన కొట్టింది. మనకిక్కడ ఇంకే తిండికి ఆ వాసనొస్తుంది చెప్పు?"

"మరి చెప్పలేదేం?"

"బయటిదాని మాట ఎవడు నమ్ముతాడు? నువ్వు చెప్తావేమోనని చూశా," అంది మణికట్టు రుద్దుకుంటూ. "చీఫ్ అనుమానించాడంటే అది ఆయన ఉద్యోగం. నువ్వు తెలిసీ బేడీలు వేశావు."

పోచెంగ్ బేడీలు బల్లమీద పెట్టాడు.

ఆమె వానలోకి వెళ్ళి, కాసేపటికి రెండు ఆకుపచ్చ ప్యాకెట్లతో తిరిగొచ్చింది. గడువు తేదీ చూసి ఒకటి పీసీ మీద పెట్టింది. రెండోది పోచెంగ్ నెత్తిన పెట్టింది.

"కదలకు," అంది. "తినకు కూడా."