చెయ్యి పట్టుకునే బోరింగు

రక్షితా, బిడ్డా, ఇటొచ్చి కూసో. ఇప్పుడు నేను చెప్పేదాంట్ల ఒక్క ముక్క అబద్ధమున్నా, నా నోట్లె మిగిలిన పండ్లు తెల్లారేసరికి ఊడి దోసిట్ల పడాలె. మిగిలినయే కొన్ని. వాటి మీద ఒట్టు పెడుతున్ననంటే చూస్కో.

నువ్వు ఈ ఊరి కోడలివై ఇంకా నెల గూడ నిండలే. నర్మెట్ట తొవ్వల పెంకుటిల్లు ఉన్నది గదా, దాని వాకిట్ల ఒక బోరింగు. చీకటి పడ్డంక దాని దిక్కు ఎవ్వరు పోరు. పోతే... చెయ్యి పట్టుకుంటది.

ఎవరనా? బోరింగే!

నీళ్లు కొడదామని పిడి మీద చెయ్యేస్తే, లోపలికెల్లి ఎవరో గుంజినట్టు గుంజుతది. భుజం దాక జివ్వుమంటది. ఒకపాలి ఓ బర్రె దాని గొట్టానికి మూతి ఆనిచ్చి — ఎగిరి గోడ అవతల పడ్డది. ఉత్తగనే బెదిరి ఉరికింది అంటరు చూసినోళ్లు. నేను చూడలే, అయినా చెప్తున్న, గోడ దాటింది. రెండు గోడలు.

ఆ ఇల్లు చిలుకమ్మది. బతికున్నన్నాళ్లు ఆ బోరింగు తను కట్నం కింద తెచ్చుకున్నట్టు కావలి కాసింది. ఎవరన్న అడగకుండ బిందె పెడితే సప్పుడు లేకుండ ఎనుకనుంచి వచ్చేది. ముందు ఒక దగ్గు — ఖళ్... ఖళ్... — నస్యం దగ్గు. తర్వాత మణికట్టు మీద పటకారు లెక్క పట్టు.

"ఎవర్ని అడిగినవే?"

అసొంటి చిలుకమ్మ సచ్చిపోయింది. ఇంటికి తాళం పడ్డది. ఆ ఎనుక వచ్చిన వానకాలంలనే బోరింగు చేతులు పట్టుడు మొదలువెట్టింది. ఇగ ఊరోళ్లకు వేరే చెప్పాల్నా? పాస్టరొచ్చి ప్రార్థన చేసి, నీళ్లు తాగకుండనే పోయిండు. గోడ అవతల కోళ్లు పెంచుకునే ఎల్లేశు నిమ్మకాయల దండ తెచ్చి గొట్టానికి కట్టిండు. పాపం, అందరికంటె ముందు చెయ్యి పట్టిచ్చుకున్నది ఆయననే.

చిలుకమ్మకు ఒక్కడే కొడుకు, లచ్చయ్య. ఊరి అవతల కొసకు ఉంటడు. ఆయన దగ్గరికి మహిపాల్ పటేలు వచ్చిండు. రోడ్డు పక్క ఏ జాగ ఖాళీగ కనవడ్డా ఆయనకు నిద్ర పట్టదు.

"దయ్యపు కొంప నువ్వేం జేసుకుంటవ్ లచ్చయ్యా? నాకు రాసియ్యి. నా తిప్పలేందో నేను పడత."

సోమవారం జనగామ పోయి రిజిస్ట్రేషన్ చేద్దామనుకున్నరు. లచ్చయ్య తల ఊపిండు.

ఊపనిది ఆయన బిడ్డ షారోన్. చర్చిల గిటారు వాయిస్తది, నువ్వు చూసినవు, పొట్టి జుట్టు పిల్ల. "మా నాయినమ్మ బతికున్నప్పుడు పట్టుకున్నది చాలు. సచ్చినంక గూడ ఎందుకు పట్టుకుంటది? ఎవడో ఆమె పేరు ఖరాబు చేస్తున్నడు" అన్నది. ఎవడో అంటే ఎవడు? ఆమె కండ్లు మహిపాల్ ఇంటి దిక్కే ఉన్నయి. నిజం చెప్పాలంటే ఊరందరి కండ్లు అటే ఉన్నయి. నోర్లు మాత్రం మూసుకున్నయి.

ఆ ఇల్లు ఆమెకు కావాలె. ఎందుకంటె ఆమెకో పిచ్చి. గిటారు సప్పుడు పెద్దగ చేసే యాంప్లిఫయరు దుకాణంల దొరకదా? దొరుకుతది. ఈమె మాత్రం సొంతంగ చేసుకుంటది, అది గూడ గాజు వాల్వులతోని. మా కాలంల రేడియో ఎనుక రేకు ఇప్పితే లోపల చిన్న చిన్న గాజు బుడ్లు వెలుగుతుండె, గవే. పాతసామాన్ల అంగట్ల ఏరుకొచ్చింది. జనగామల బాయి మోటర్లు చుట్టేటాయనను బతిమిలాడి ట్రాన్స్‌ఫార్మరు చుట్టిచ్చింది. దాని బరువు ఈనిన గొర్రెంత. లోపల తీగలు చూస్తె పెండ్లింట్ల చుట్టాల లెక్క ఒకదాని మీద ఒకటి. అయితే ఏందే... అది వేడెక్కి పాడితే గొంతుల తేనె పోసుకున్నట్టు పాడుతది. హైదరాబాదు దాక ఇనవడుతది. సర్లే, జనగామ దాక.

శనివారం పొద్దుగాల షారోన్ తాళం తీసింది. ఇల్లు ఊడ్చి, కడిగి, యాంపు నడి ఇంట్ల పెట్టుకున్నది. "ఇక్కడనే పని చేస్కుంట. పట్టుకుంటే నన్ను పట్టుకోనియ్యి" అని ఊరందరు ఇనేటట్టు అన్నది.

పాత ఇల్లు గదా, ప్లగ్గుకు రెండే బొక్కలు. ఎర్తు లేదు. ఎర్తు లేకుంటే యాంపు జోరీగ లెక్క గీ పెడతదట. ఇగ మనోళ్లంత చేసే పనే ఆమె చేసింది. ఒక తీగ కిటికీల నుంచి గుంజి బోరింగు గొట్టానికి చుట్టింది. భూమి లోపటికి దిగిన ఇనుప గొట్టం, దానికంటె మంచి ఎర్తు ఎక్కడ దొరుకుతది?

పగలంత మంచిగ పాడింది. ఎల్లేశు గోడ మీదికెల్లి తొంగి చూసి మెచ్చుకున్నడు గూడ.

పొద్దు గూకింది. చీకటి పడ్డది...

మ్మ్మ్మ్మ్...

షారోన్ తల ఎత్తింది. గిటారు ముట్టలే. ఎవ్వరు లేరు. పెట్టె ఒక్కటే మూల్గుతున్నది. రోగం వచ్చిన ముసలిదాని లెక్క.

ముందు వాల్వుల మీద అనుమానపడ్డది. ఒక్కో గాజుబుడ్డిని పెన్సిలుతోని మెల్లగ తట్టింది. ఒకటి టింగుమన్నది, ఒకటి గమ్మునున్నది. మూల్గు మాత్రం తగ్గలే. ముందటి వాల్వును పీకేసింది. అయినా మూల్గుతనే ఉన్నది. కండెన్సరు మీద అనుమానం వచ్చింది. ప్లగ్గు గుంజి, లోపల దాసుకున్న కరెంటును ఖాళీ చేసి — అట్ల చేయకుంటె ప్లగ్గు గుంజినంక గూడ అది మనిషిని కొడతదంట — కొత్తది అతికిచ్చింది. మళ్ల పెట్టింది.

మ్మ్మ్మ్మ్...

వాయిస్తె పోతదేమో అని గిటారు అందుకున్నది. కడిగిన బండలింక ఆరలే. కాళ్లకు చెప్పులు లేవు. తీగల మీద వేళ్లు పెట్టింది —

పట్టుకున్నది!

గిటారు ఎగిరి మూలకు పడ్డది. పిల్ల వాకిట్లకు ఉరికింది. బోరింగు చీకట్ల నిలవడి ఆమె దిక్కే చూస్తున్నది.

అప్పుడే లచ్చయ్య బువ్వ టిఫిను పట్టుకొని వచ్చిండు. బిడ్డ మొకం చూసి టిఫిను కింద పెట్టిండు.

"నాయినా... పట్టుకున్నది."

"ఇగ చాలు తల్లీ. నేను సోమవారం సంతకం పెడత. మా అవ్వకే ఇష్టం లేనప్పుడు..."

షారోన్ చెయ్యి రాసుకుంటున్నది. సరే నాయినా అనబోయింది. మాట పెదిమె దాక వచ్చింది, నాకు ఆమెనే చెప్పింది. అంతల వేళ్లు చూసుకున్నది.

"నాయినా, నాయినమ్మ ఎక్కడ పట్టుకునేది?"

"మణికట్టు. నన్ను గూడ ఎన్నిసార్లు పట్టుకోలే?"

"మరి నన్ను వేళ్ల కొసల మీద పట్టుకున్నది. గిటారు తీగలు ముట్టినకాడ. అది గూడ ఇంట్ల. బోరింగు ఇంట్లకెట్ల వచ్చె?"

ఇద్దరు మెల్లగ కిటికీ దిక్కు చూసిన్రు. బోరింగు కాడినుంచి ఎర్తు తీగ లోపలికి పోతున్నది... పాము లెక్క.

షారోన్ రబ్బరు చెప్పులేసుకొని ఎండిన కట్టెతోని ఆ తీగను గొట్టం మీదినుంచి తప్పిచ్చింది. లోపల పెట్టె మూల్గు ఆగింది. సన్న జోరీగ మాత్రం మిగిలింది. తీగ ఆనిచ్చింది. మ్మ్మ్. తప్పిచ్చింది. గమ్మున.

"పెట్టెల రోగం లేదు నాయినా. దయ్యం తీగ ఎంట వస్తున్నది."

అప్పటికే జనం కూడిన్రు. ఈ ఊర్ల దయ్యం వచ్చిందంటె బువ్వ మధ్యల లేసి వస్తరు. ఎల్లేశు కొత్త నిమ్మకాయలు పట్టుకొచ్చిండు. మహిపాల్ పటేలు గూడ వచ్చి దూరంగ బండి మీదనే కూసున్నడు. బండి దిగలే. ఎందుకు దిగలేదో ఆయనకే ఎరుక.

షారోన్ ఒక బల్బు తెచ్చింది, హోల్డరుకు రెండు తీగలు. ప్లగ్గుల టెస్టరు పెట్టి చూసి, కరెంటు లేని బొక్కల ఒక తీగ పెట్టింది. రెండోది రబ్బరు పిడి పటకారుతోని బోరింగు గొట్టానికి ఆనిచ్చింది.

బల్బు వెలిగింది.

అవునే! స్విచ్చి లేదు, ఏం లేదు... బోరింగు గుడ్డి ఎర్రగ బల్బు వెలిగిచ్చింది. సగం జనం అప్పుడే నర్మెట్ట దాటిన్రు.

"చిలుకమ్మ కన్ను తెరిచింది!" అని ఎల్లేశు నిమ్మకాయలు పారేసిండు.

షారోన్ ఉరకలే. బల్బును అట్లనే వెలగనిచ్చి, సెల్లు లైటు కొట్టి గొట్టం చుట్టు చూసింది. పాత నిమ్మకాయల దండ కట్టె కొసతోని లేపింది. దాని కింద, సరిగ్గ దాని కింద, ఒక నల్ల తీగ చుట్టి ఉన్నది. బోరింగు కింది గద్దె పగులుల నుంచి మట్టిలకు పోయింది. ఎక్కడికి పోయిందో కనవడలే.

అందరి తలకాయలు మహిపాల్ దిక్కు తిరిగినయి. "నా దిక్కు చూస్తరేందిరా?" అన్నడు ఆయన. గొంతు జర సన్నగనే వచ్చింది.

షారోన్ కట్టె అడ్డం పెట్టి ఆ నల్ల తీగను ఒక్క గుంజు గుంజింది.

బల్బు ఆరిపోయింది. అదే గడియల గోడ అవతల గూడ చీకటైంది.

ఆ చీకట్ల ఒక కేక —

"అయ్యో పీకకు షారోన్! నా కోడిపిల్లలు సలికి సస్తయి!"

ఎల్లేశు.

ఇగ మిగిలినోళ్లంత నవ్వుడే నవ్వుడు. సంగతేందంటె, ఆ వానకాలంల కోతులు ఆయన షెడ్డుకు పోయే రెండు తీగలల్ల ఒకటి తెంపినయి. కోడిపిల్లలకు రాత్రంత వెచ్చగ బల్బులు ఉండాలె. పొలంకాడ ఒక్క తీగ భూమికి ఏసి మోటరు నడిపిచ్చుకుంటరు చూడు, గట్లనే ఆయన ఆ తెగిన తీగ జాగల ఇంకోటి తెచ్చి మట్టిల నుంచి బోరింగుకు చుట్టిండు. బల్బులు వెలిగినయి, వాటిల్లకెల్లి వచ్చిన కరెంటంత బోరింగు గొట్టంల దిగింది. మర్నాడు మాపు నీళ్లకొచ్చి ముందు తనే చెయ్యి పట్టిచ్చుకున్నడు. దయ్యం అనుకొని, తను కట్టిన ముడి మీదనే నిమ్మకాయలు కట్టిండు!

"నేను కట్టింది పోయే కరెంటుకు," అన్నడు ఎల్లేశు, "పట్టుకునే కరెంటు ఏరే అనుకున్న."

మహిపాల్ బండి స్టార్టు చేసిండు. "మరి సోమవారం, లచ్చయ్యా..."

"మా అవ్వను అడగకుండ ఆ ఇంట్ల బిందె గూడ పెట్టొద్దు పటేలా" అన్నడు లచ్చయ్య. "జాగ ఎట్లిస్త?"

ఇల్లు మిగిలింది. ఇప్పుడు నువ్వు ఇంటున్న ఆ గిటారు అక్కడిదే.

అయితే బిడ్డా... ఒకటి మాత్రం నాకు మింగుడు పడదు. ఆ రాత్రి అందరు పోయినంక షారోన్ యాంపు ప్లగ్గు గుంజింది. ప్లగ్గు చేతిల ఉండంగనే పెట్టెలకెల్లి సప్పుడు వచ్చింది — ఖళ్... ఖళ్... కండెన్సరుల దాసుకున్న కరెంటు అయిపోయేటప్పుడు అట్లనే అంటది అవ్వా, అని ఆ పిల్ల నాకు చెప్పింది. ఉండొచ్చు. కండెన్సరుకు నస్యం ఎవరు అలవాటు చేసిన్రో మాత్రం చెప్పలే.

సరే, పొద్దు గూకింది. మనింట్ల నల్లా రాలే, చాయకు సుక్క నీళ్లు లేవు. ఆ స్టీలు బిందె తీస్కో, ప్లాస్టిక్ దానికి చిల్లి పడ్డది. చిలుకమ్మ బోరింగు కాడికి పోయి నింపుకరా. తొవ్వంత బురద, చెప్పులు ఇక్కడనే ఇడిసిపో.

ఏందే, అట్ల చూస్తవ్? తీగ పీకేసిన్రని చెప్పిన గదా.

ఎల్లేశు నిన్న మళ్ల కొత్త కోడిపిల్లల్ని తెచ్చిండట. తెస్తె తెచ్చిండు. పో, జల్ది పో.