రేవు రాయి చెప్పిన మాట

ఉదయం నుంచి పనిచేస్తే హైమవతికి ఆ రేవు రాయిలోంచి మరో పదకొండు క్షణాల పాత వెలుగు దక్కింది. శిలాదర్శిని వచ్చాక చారిత్రక చిత్రాలకు నటులతో పని తీరిపోయింది. రాయి మీద ఒకనాడు పడిన వెలుగును ఆ యంత్రం పొరలు పొరలుగా విప్పి తెర మీద పరుస్తుంది. శబ్దం మాత్రం రాయిలో నిలవదు. మాటలు రచయిత రాస్తాడు, వాటికి తగ్గట్టు పెదవుల కదలికను యంత్రమే దిద్దుతుంది.

భార్గవ తీసిన సముద్రయాత్ర చిత్రం అలా తయారైనదే. ఏడు వందల ఏళ్లనాటి ఓడలు, తుపాను, ఆనాటి నావికులు కళ్లెదుట కదులుతుంటే జనం నోరు తెరుచుకు చూశారు. ప్రేమకథే పలచగా ఉందన్నారు. ఉన్నది ఒక్క సన్నివేశం. రేవులో నావికుడు ఒక యువతి చేయి పట్టుకుని ఓడవైపు నడిపిస్తాడు. ఆమె కన్నీళ్లతో ఏదో అంటుంది. ‘నీ వెంటే వస్తాను’ అని రాశాడు రచయిత. నిశ్చితార్థాల్లో జంటలు అదే భంగిమలో ఫొటోలు దిగుతున్నారు. ప్రేమ ఇంకాస్త దొరుకుతుందేమోనని భార్గవ ఆ రాళ్లను మళ్లీ వెతికిస్తున్నాడు.

మధ్యాహ్నం హైమవతి చెల్లెలు కుముద క్యారియర్ తెచ్చింది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తెర మీద ఆ రేవు సన్నివేశమే, యంత్రం పెదవులు దిద్దని పాత వెలుగుగా నడుస్తోంది. కుముద క్యారియర్ కింద పెట్టడం మరిచిపోయింది. మళ్లీ వేయమని సైగ చేసి, మూడుసార్లు చూసింది. తరువాత మెల్లగా చేతులతో చెప్పింది.

“మొదటి మాటకి పెదవులు కలవలేదక్కా. ‘అన్నా’ అంది. తర్వాత కలిశాయి. ‘అన్నా, నన్ను అమ్మెయ్యకు’ అంటోంది.”

హైమవతి ఆ వెలుగును మళ్లీ మొదటినుంచి వేసింది. వందసార్లు చూసిన సన్నివేశం, రెండుసార్లు కంటతడి కూడా పెట్టింది. ఇప్పుడు చూస్తే అతని పట్టు ఆమె మణికట్టు మీద బిగిసి ఉంది. కొత్తగా దొరికిన క్షణాల్లో ఓడ మీది మనిషి ఆ చేతికి తాడు కడుతున్నాడు. ఉదయం హైమవతి దాన్ని ఓడెక్కడానికి అందించిన తాడనుకుంది.

కబురు విని భార్గవ వచ్చాడు. కొత్తగా దొరికిన ఆ ముక్క చెరిపేయమన్నాడు.

“ఏడొందల ఏళ్లయిందమ్మా. ఇప్పుడు చెప్పి ఎవర్ని కాపాడతాం?”

కుముద చేతులు కదిపింది. హైమవతి ఆ మాటలు పైకి చెప్పింది.

“ఆవిడ రోజూ నాలుగు ఆటల్లోనూ బతిమాలుతూనే ఉంది సార్. మనం ఆవిడ నోట వేరే మాట పెడుతున్నాం.”

భార్గవ తెర దగ్గరికి జరిగి మరోసారి చూశాడు. ఆ యువతి అన్న మాటే ఉంచమని, తాడు కూడా ఉంచమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదివారం మొదటి ఆటలో ఆ సన్నివేశానికి అలవాటుగా ఈలలు లేచి సగంలో ఆగాయి. తెర అడుగున ఆమె అన్న మాట ఒక్కటే కనిపించింది. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడింది.

“ఎవరైనా ఆ పడవ ఆపండయ్యా,” అంది.

ఆమె వెనక ఇంకొందరు లేచారు, ఆ తరువాత హాలంతా లేచింది. లేచారు గానీ ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఓడ రేవు దాటింది.