పదకొండు గ్రాముల పార్శిల్

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఒకాయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో గుడ్‌మార్నింగ్ చెప్పారు. ఆయన బదులు పలకలేదు. పలికే స్థితి దాటి అప్పటికే నాలుగు నిమిషాలైంది.

మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. విషపు సూది. చనిపోయినాయన డిపార్ట్‌మెంట్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసిన సీనియర్ ఆఫీసర్. అరచేతిలో బాల్‌పెన్‌తో గబగబా రాసుకున్న ముక్క ఒకటి మిగిలింది: "పార్శిల్ 11 గ్రా. ఆదివారం. సైకిల్‌లో."

గంట తర్వాత ఏజెంట్ 31 చీఫ్ ఎదుట కూర్చున్నాడు. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు.

"నీ వర్క్‌షాప్‌లో మనకో సోర్స్ ఉంది. కోడ్‌నేమ్ పిచ్చుక," అన్నాడు పెద్దాయన.

"నాకు చెప్పలేదేం సార్?"

"నీ సంగతి పిచ్చుకకీ చెప్పలేదు. అదెవరో తెలిసినవాడు లిఫ్ట్‌లో చనిపోయిన ఈయనొక్కడే. పిచ్చుక మన గింజలు తింటూ అవతలివాళ్ల చూరులో గూడు కడుతోందని ఈయనకి అనుమానం వచ్చింది. డబుల్ ఏజెంట్. పేరు చెబుతాడనుకునేలోగా ఇదిగో, ఇలా."

"షాపులో ఉన్నది నలుగురం. నేను, మాస్టారు, ఆయన కూతురు..." 31 ఆగిపోయాడు.

"నాలుగో మనిషిని నువ్వు పెళ్లి చేసుకుంటానని నాకు అప్లికేషన్ పెట్టావు."

"ఆమె కాదు సార్."

"కాకూడదనే నాకూ ఉంది," అన్నాడు పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "ఆదివారం తేలిపోతుంది. పార్శిల్ పట్టుకో. అది పెట్టిన చెయ్యి కూడా పట్టుకో. ఎవరిదైనా సరే."

31 ఏడాదిగా ఆ వర్క్‌షాప్‌లో మెకానిక్ వేషంలో ఉంటున్నాడు. అక్కడ అతని పేరు పానా. మాస్టారు కొండవాలు పోటీల కోసం డౌన్‌హిల్ సైకిళ్లు తయారు చేస్తాడు. రెండంతస్తుల ఎత్తు నుంచి దూకినా విరక్కూడదు, పైగా తేలిగ్గా ఉండాలి. ఈ రెండూ సవతుల్లాంటివి, ఒకదానికి ఒకటి పడవు. ఆ ఇద్దరినీ ఒకే ఇంట్లో కాపురం చేయించిన మొనగాడు మాస్టారు. పదిహేడు కిలోల సైకిల్ని పద్నాలుగున్నరకి దించాడు. కార్బన్ పొరల్ని ఏ వరసలో, ఏ దిక్కుకి పేర్చాలన్నదే రహస్యం. అదే పేర్పుతో సైన్యం డ్రోన్లకి రెక్కలు చేయిస్తోంది. అందుకే ఒక విదేశీ గూఢచారుల రింగ్ ఆ ఫార్ములా కోసం కాచుకుని కూర్చుంది.

మాస్టారి షాపులో ఒక పద్ధతి ఉంది. ప్రతి ముక్కనీ తూచి, దాని బరువు దాని మీదే తెల్ల మార్కర్‌తో రాస్తారు. మొత్తం గోడ మీది పలకకి ఎక్కుతుంది. రోజూ పొద్దున్నే సైకిల్ త్రాసెక్కాలి. ఒక్క గ్రాము తేడా వచ్చినా మాస్టారు ఆఖరి బోల్టు దాకా విప్పించి, ఆ గ్రాము దొరికేదాకా ఎవర్నీ భోజనానికి లేవనివ్వడు.

చక్రాలు కట్టే పని 31 పెళ్లాడాలనుకున్న ఆమెది. ఊచల్ని వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఏది వదులో ఏది బిగువో చెప్పేది. అందుకే తీగ అని పిలిచేవారు. ఆమె నడిచి వస్తుంటే కట్టిన సైకిల్ కూడా తలతిప్పి చూస్తుందని మాస్టారి కూతురు అనేది. ఆ పిల్లే ఆ సైకిళ్లు తొక్కే రైడర్. పేరుకి తగ్గ దూకుడు: మిడత. తీగని అక్కా అనేది, 31ని అప్పుడే బావా అనేది.

31 తన జీవితంలో పదకొండు పేర్లతో బతికాడు. ఒక్క పేరు మీదా ఇల్లు కట్టుకోలేదు. ఈ ఆదివారం దాటితే రాజీనామా ఇచ్చేసి, నిజంగానే మెకానిక్కుగా మిగిలిపోవాలనుకున్నాడు. ఆమె పిచ్చుక కాకపోతే చాలు. దేవుణ్ణి నమ్మనివాడు ఆ మూడు రోజులూ మొక్కుకుంటూనే గడిపాడు.

ఆదివారం తెల్లారగానే పోటీ సైకిల్ త్రాసెక్కింది. 14,520 గ్రాములు. పలక మీదా అంతే. స్పేర్ సైకిల్ ఎక్కింది. 14,562. పలక మీదా అంతే. పదకొండు గ్రాములు లోపలికి చేరి ఉంటే త్రాసు ఊరుకోదు కదా. 31 బోల్టులు బిగించే టార్క్ రెంచ్ పిడిలో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో గుసగుసలాడాడు: "పిచ్చుక ఖాళీ చేతులతో ఉంది సార్."

"త్రాసు చెప్పిందా, నీ మనసు చెప్పిందా?" అన్నాడు పెద్దాయన.

31 స్విచ్ ఆపేశాడు. ఏడాదిలో మొదటిసారి పని చేస్తూ ఈల వేశాడు.

"ఏంటి ఇవాళ ఇంత హుషారు?" అంది తీగ.

"ఊరికే."

"ఊరికే ఈల వేసే మొహం కాదే నీది," అని నవ్వి, అతని చెంప మీది గ్రీజు కొంగుతో తుడిచింది. ఆ నవ్వు కోసం పదకొండు పేర్లూ వదులుకోవచ్చనిపించింది.

కొండ దగ్గర వరసగా టెంట్లు వేశారు. జనం, లౌడ్‌స్పీకర్లు, బురద. ప్రాక్టీస్ రన్‌లో మిడత ఒక రాయిని గుద్దింది. పోటీ సైకిల్ ముందు రిమ్ము పగిలింది. ఆ సమయానికి తీగ అక్కడ లేదు, "ఇప్పుడే వస్తా" అని పార్కింగ్ వైపు వెళ్లింది.

"రిమ్ము మార్చే టైం లేదు బావా, నా నంబర్ పిలుస్తున్నారు," అంటూ మిడత స్పేర్ సైకిల్‌తో రైడర్లని కొండెక్కించే బండిలో పైకి పోయింది.

31 పగిలిన చక్రం విప్పడానికి పార్ట్‌ల పెట్టె తెరిచాడు. బోల్టుల అరలో, తన చోట తాను బుద్ధిగా కూర్చుని ఉంది ఒక స్టీలు బోల్టు. దాని మీద మాస్టారి చేతిరాత: స్పేర్, షాక్, 17.

స్పేర్ సైకిల్‌కి కుదుపులు మింగే వెనక షాక్‌ని పట్టి ఉంచే బోల్టు పెట్టెలో ఎందుకుంది?

అదే అల్యూమినియంది అయితే ఆరు గ్రాములు. పదిహేడులోంచి ఆరు తీస్తే పదకొండు.

పార్శిల్ లోపలికి వెళ్లింది. త్రాసు అరవకుండా అంతే బరువు బయటికి వచ్చింది. పని తెలిసిన దొంగ. వేరే గూఢచారి ఎవరైనా ఆ బోల్టుని మురిక్కాలవలో పారేసేవాడు. బరువు రాసిన ముక్కని పారేయడం ఆ షాపులో పెరిగిన చెయ్యికి రాదు. ఆ చెయ్యి ఎవరిదో పెట్టె చెబుతూనే ఉంది: మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నా ముక్కల్ని తప్పు అరల్లోనే వేస్తాడు, మిడత ఏ వస్తువునీ తీసినచోట పెట్టదు.

తీగ తిరిగొచ్చింది. అతని అరచేతిలోని బోల్టు చూసింది. తర్వాత ఖాళీ స్టాండ్ చూసింది.

"స్పేర్ ఏది?"

"మిడత తీసుకెళ్లింది. స్టార్ట్‌లో ఉంది."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "అది తొక్కడానికి కాదు! అందరూ పోటీ చూస్తుంటే దాన్ని ఎత్తుకెళ్లిపోతామన్నారు రింగ్‌వాళ్లు! ఆ బోల్టు ఆగదు, ఆఖరి గెంతుకి తెగిపోద్ది!"

అంతే. ఒక్క అబద్ధం ఆడి ఉంటే తప్పించుకునేది. ఆ అబద్ధం ఆడలేదు. చెప్పులు విడిచి పరిగెత్తింది. రెంచ్ పట్టుకుని 31 ఆమె వెనకే పరిగెత్తాడు.

లౌడ్‌స్పీకర్ మిడత నంబర్ అరిచింది. కొండ మీంచి దుమ్ము లేచింది. ఆఖరి గెంతు ఆరు మీటర్ల ఎత్తు నుంచి, కింద అంతా రాళ్లు. తీగ పోటీ మార్షల్ చేతిలోని ఎర్రజెండా లాక్కుని, దారికడ్డంగా ఆ అంచు మీదే నిలబడింది. వెనక్కి ఒక్క అడుగు వేస్తే ఆమే కిందికి పోతుంది.

మిడత రెండు బ్రేకులూ గట్టిగా నొక్కేసింది. సైకిల్ అడ్డంగా జారి, మిడతని పక్కకి విసిరేసి, తీగ కాళ్ల ముందు ఆగింది. ఫట్‌మని చప్పుడు. బోల్టు తెగి ఫ్రేమ్ చాకు మడిచినట్టు మడత పడింది.

"పిచ్చా అక్కా నీకు? గెలిచేదాన్ని!" మిడత మోచేతి నెత్తురు చూసుకుంటూ అరిచింది.

జనంలోంచి ఒక ఫోటోగ్రాఫర్ ముందుకొచ్చాడు. అందరూ సైకిల్‌ని ఫోటో తీస్తుంటే అతని లెన్స్ మాత్రం తీగ మెడ వైపు తిరిగింది. లిఫ్ట్‌లో మెడ మీది చుక్క 31కి గుర్తొచ్చింది. "చైన్ తెగింది!" అని రెంచ్ స్విచ్ వేసి అందులోకి అరుస్తూ, అదే రెంచ్‌ని అతని మణికట్టు మీదికి దించాడు. లెన్స్‌లోంచి వచ్చిన సూది సైకిల్ సీటులో గుచ్చుకుంది. 'చైన్ తెగింది' అంటే వేషాల్లో ఉన్న డిపార్ట్‌మెంట్‌వాళ్లకి చుట్టుముట్టమని. ఐస్‌క్రీమ్ బండివాడూ, ఇద్దరు మార్షల్సూ ఫోటోగ్రాఫర్ మీద పడ్డారు. హ్యాండిల్ గొట్టంలో ఫార్ములా ఎక్కించిన చిప్ దొరికింది, వేలిగోరంత సీసపు డబ్బీతో కలిపి సరిగ్గా పదకొండు గ్రాములు.

మాస్టారు మడతపడ్డ ఫ్రేమ్ పక్కన కూలబడ్డాడు. "పదకొండు గ్రాములు ఎక్కువైతే ఏమయ్యేదమ్మా?" అన్నాడు తీగతో. "తిట్టేవాణ్ణి. అంతేగా."

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

వ్యాన్‌లో సంకెళ్లు వేసింది 31 చేతులే. వేరేవాళ్లు ముట్టుకోవడం అతనికి ఇష్టం లేకపోయింది.

"ఆఫీసర్ని చంపుతారని నాకు తెలీదు," అంది ఆమె.

"తెలిస్తే?"

"ఏమో. ధైర్యంగా చెప్పలేను." సంకెళ్లు సర్దుకుని, "నువ్వు మెకానిక్కువి కాదని మొదటి వారమే తెలుసు. పని అయ్యాక అందరూ పానాకి అంటిన గ్రీజు తుడుస్తారు. నువ్వు వేలిముద్రలు తుడుస్తావు."

"మరి రింగ్‌కి నా సంగతి చెప్పలేదేం?"

"నీ మెడ మీద కూడా చుక్క పడుతుందేమోనని." కిటికీ వైపు తిరిగింది. "అబద్ధాలు చాలా ఆడాను. రెండు వైపులా ఆడాను. నిన్ను ప్రేమించమని మాత్రం నాకెవ్వరూ ఆర్డరివ్వలేదు."

31 ఆమె తల నిమరాలనుకున్నాడు. వ్యాన్‌లో కెమెరా ఉంది. లేకపోయినా నిమిరేవాడో కాదో అతనికే తెలీదు. గేటు దగ్గర ఇద్దరు లేడీ ఆఫీసర్లు ఆమెని దించుకుని తీసుకెళ్లిపోయారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఇద్దరికీ కష్టమని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పెద్దాయన అరెస్టు ఫారం అతని ముందుకి జరిపాడు. అన్ని గళ్లూ నింపి 31 ఒక గడి దగ్గర ఆగాడు: 'నిందితురాలితో సంబంధం.' చివరికి "ఒకే షాపులో పనిచేశాం" అని రాశాడు.

పెద్దాయన చదివి, తలెత్తాడు. "అంతేనా?"

"మిగతాది టాప్ సీక్రెట్ సార్," అన్నాడు 31.