చెయ్యి దిగాక వచ్చే స్వరం

"మీరు ఆలస్యం," అంది ఓటిలీ, చేతిలోని సన్నటి తెల్ల కర్రను సన్నాయిలాంటి ఓబో వాయించే యువకుడి వైపు చూపిస్తూ.

అతను పెదవుల మీంచి వాద్యం తీసి, తీరిగ్గా తుడుచుకుని, "లేదు మేడమ్, మీరే తొందర," అన్నాడు.

వెనక బూరలవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. గ్రాట్స్ నగరంలోని ఆ ఆర్కెస్ట్రాతో ఓటిలీకి అదే మొదటి రిహార్సల్. మొదలుపెట్టి ఇంకా కాఫీ చల్లారేంత సేపు కూడా కాలేదు.

ఓటిలీ బెదిరిపోయే రకం కాదు. ఏళ్ళ తరబడి పెట్టె సర్దుకుంటూ, ఇవాళ హాంబుర్గ్, రేపు జ్యూరిక్ అంటూ ఆర్కెస్ట్రాలను నడిపించే అతిథి కండక్టర్‌గా తిరిగింది. ఇప్పుడిక తనదంటూ ఒక ఊరు కావాలి, ఒక ఆర్కెస్ట్రా కావాలి. ఇక్కడ ప్రధాన కండక్టర్ పదవి ఖాళీ అయి ముగ్గురిని పిలిచారు. ఒక్కొక్కరూ ఒక కచేరీ నడపాలి, ఆ తర్వాత వాద్యకారులే ఓట్లు వేసి ఒకరిని ఎన్నుకుంటారు. మిగతా ఇద్దరూ వచ్చి వెళ్ళిపోయారు. ఈ పదవి తనదేనని ఓటిలీకి గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి అడ్డంగా కూర్చున్నవాడు ఈ ఓబో ఒక్కడే. పేరు సెవరిన్.

నిజానికి అతనొక్కడే కాదు, అందరూ అంతే. ఆమె చెయ్యి దించిన ఒక్క క్షణం తర్వాత గాని శబ్దం రావడం లేదు. ఆ శబ్దం కోసం ఆమె ఆగుతోంది. వాయిస్తున్న సింఫనీలో నెమ్మదిగా సాగే రెండో భాగమైతే బురదలో దిగబడిన బండిలా తయారైంది.

విరామంలో క్యాంటీన్‌లో ఆమె ఎదురుగా గూలాష్ అనే మాంసం పులుసు గిన్నె ఒకటి వచ్చి వాలింది. దాని వెనకే సెవరిన్.

"ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చున్నాక అడుగుతారేం?"

"నిలబడి అడిగితే వద్దంటారని."

ఓటిలీ నవ్వాపుకుంది. అతను రొట్టె తుంచుతూ, "మీ చెయ్యి దిగాక మేమంతా ఒక్క ఊపిరి తీసుకుని అప్పుడు మోగుతాం. తాతల నాటి అలవాటు. మీరేమో మా కోసం ఆగుతున్నారు, మీరు ఆగారని మేం ఆగుతున్నాం. 'ముందు మీరు' 'కాదు, ముందు మీరు' అంటూ గుమ్మంలోనే ఉండిపోయిన చుట్టాల్లా ఉన్నాం," అన్నాడు.

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"చెయ్యి దించి, ఆగకుండా తాళంలో ముందుకు వెళ్ళిపోండి. మేం వస్తాం."

"రాకపోతే?"

"వస్తాం అంటున్నాగా."

అంత నమ్మకంగా చెప్పేవాడిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండాలి. ఎందుకో మండలేదు. అతని పళ్ళెంలోంచి ఒక రొట్టె ముక్క తీసుకుని తినేసింది.

మర్నాడు సాయంత్రం వాన. మూర్ నది వంతెన మీద ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు.

"నడిపించేది నేను, ఇటివ్వండి," అని ఓటిలీ గొడుగు లాక్కుంది. ఆమె అతని భుజం దాకా వస్తుందేమో, గొడుగు ఊచలు అడుగడుక్కీ అతని నుదుటికి తగులుతున్నాయి. సెవరిన్ తల వంచుకుని నడిచాడు. ఆమె హోటల్ గుమ్మం దగ్గర ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఏమిటి?"

"కచేరీ కానివ్వండి."

వెనక్కి చూస్తూ నడిచి నీళ్ళ గుంటలో కాలు వేశాడు. కిటికీలోంచి అది చూసి ఓటిలీ ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది.

శనివారం ఆ నవ్వు ఆరిపోయింది. మొదటి వయోలిన్ పెద్దాయన ఎగోన్ ఆమెను పక్కకు పిలిచి, "సెవరిన్ తన ఓటు వదులుకున్నాడమ్మా," అన్నాడు. ఎందుకని అడిగేలోగా రిహార్సల్ గంట మోగింది.

రిహార్సల్ అయ్యాక నడవాలో ఓటిలీ సెవరిన్‌ని నిలదీసింది. "నేను నచ్చకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా. వ్యతిరేకంగా ఓటు వేసినా బాగుండేది."

"అది కాదండీ."

"మరేమిటి?"

"కచేరీ కానివ్వండి."

"మీకు ఆ ఒక్క ముక్కే వచ్చా?"

ఆదివారం పొద్దున కచేరీ. హాలు నిండిపోయింది. రెండో భాగం ఓబోతోనే మొదలవుతుంది. 'ఇతని కోసం నేను ఆగేదేమిటి' అనుకుంది ఓటిలీ. చెయ్యి దించి, అతని వైపు చూడకుండా ముందుకు వెళ్ళిపోయింది.

ఒక్క ఊపిరంత నిశ్శబ్దం. ఆ తర్వాత స్వరం వచ్చింది, నిండుగా, నిదానంగా, ఎక్కడ ఉండాలో అక్కడ. దాని వెనకే వయోలిన్లన్నీ వచ్చాయి. ఓటిలీ కళ్ళు చెమర్చాయి. కోపం ఎటు పోయిందో తెలియలేదు. చివరిదాకా ఆమె ఇక ఎవరి కోసమూ ఆగలేదు.

చప్పట్ల మధ్య వాద్యకారులను లేచి నిలబడమని చెయ్యి ఊపింది. ఎవరూ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే నేల మీద కాళ్ళు తాటించారు, కమానులతో స్టాండ్లు తట్టారు. చప్పట్లన్నీ నీకేనని కండక్టర్‌కి చెప్పడానికి వాళ్ళ లోకంలో అంతకంటే పెద్ద మర్యాద లేదు. అందరికంటే గట్టిగా తాటిస్తున్నవి సెవరిన్ కాళ్ళే.

ఓట్లు వేసేంతసేపూ ఆమె వేదిక వెనక తన గదిలో కూర్చుంది. ఎగోన్ తలుపు తోసుకుని వచ్చి, "పెట్టె విప్పేసుకో అమ్మా, ఇక ఈ ఊరు నీదే," అన్నాడు.

ఓటిలీ ఆయన్ని గట్టిగా కావలించుకుంది. తర్వాత మాత్రం ఉండబట్టలేక, "ఆ ఓబోకి నామీద అంత కక్షేమిటండీ?" అని అడిగింది.

"కక్షా?" ఎగోన్ తెల్లబోయాడు. "పోటీలో ఉన్నవాళ్ళతో చుట్టరికం ఉన్నవాళ్ళూ, వాళ్ళ మీద మనసు పడ్డవాళ్ళూ ఓటు వేయకూడదని మా నియమం. కారణం అందరి ముందూ లేచి చెప్పాలి. శుక్రవారం చెవులు ఎర్రగా చేసుకుని మరీ చెప్పాడు. మా ఇంటిదానికి కూడా తెలుసు."

"నాకు తప్ప," అంది ఓటిలీ.

వేదిక ఖాళీ అయింది. సెవరిన్ ఒక్కడే కూర్చుని ఈకతో ఓబో లోపల తడి తుడుస్తున్నాడు.

"మీరు ఆలస్యం," అంది ఓటిలీ.

ఈక ఆగింది. "ముందే మీకు చెబితే మీ గెలుపు నా పుణ్యమనేవాళ్ళు. అది మీరు ఒంటిచేత్తో గెలవాల్సింది. అయినా మీ చెయ్యి దిగందే నేనెలా మొదలుపెడతాను?"

ఓటిలీ తన చేతిని అతని చేతిమీదకి దించింది. "ఇదిగో, దించాను."

సెవరిన్ అలవాటు ప్రకారం ఊపిరి తీసుకున్నాడు. ఓటిలీ ఆగలేకపోయింది.

"నాకూ మీరంటే ఇష్టమే," అనేసింది.

"చూశారా, మళ్ళీ మీరే తొందర," అన్నాడు సెవరిన్.

తెర వెనక నుంచి చాలా జతల కాళ్ళు నేల తాటించాయి.