గురువారం రెండు నుంచి నాలుగు

చనిపోయిన మనిషిని పరామర్శించడానికి ఎవరైనా వారం వారం వెళ్తారా? పాస్టరుగారి భార్య పరామర్శల పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచి చూసింది. పాస్టరు ఏ రోగిని చూశాడో, ఎవరింట్లో ఎంతసేపు ప్రార్థన చేశాడో అంతా అందులో రాయాలి. ప్రతి ఆదివారం సంఘపెద్దలు దాన్ని చదువుతారు. చర్చి ఆఫీసు సర్దుతూ ఊరికే తిరగేసింది... వరుసగా ఆరు గురువారాలు ఒకే మాట! ‘దర్జీ ఇల్లు, రెండు నుంచి నాలుగు.’ దర్జీ తాత పోయి ఏడాది కావస్తోంది. సమాధి దగ్గర ప్రార్థన చేసింది ఈయనే! తాత కూతురు ఆ ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఈయన చేతిలోనే పెట్టి వెళ్లింది. ఖాళీ ఇంట్లో రెండు గంటలు ఎవరితో...? పైగా ఆ రాత ఆయనది కాదు, ఆఫీసు గుమాస్తావిడది!

"దర్జీ ఇంట్లో ఎవరుంటున్నారమ్మా?"

గుమాస్తావిడ మొహం పాలిపోయింది. "నన్నడక్కండి అమ్మగారూ... అయ్యగారు చెప్పొద్దన్నారు."

ఇరవై రెండేళ్ల కాపురం! ఈమధ్య ఆయన కంచంలో అన్నం కెలికి లేచిపోవడం, ఏం చెప్పినా "ఊఁ" అని గోడవైపు తిరగడం... వయసు వల్లేమో అనుకుంది పిచ్చిది! ఇప్పుడన్నీ లెక్కకు సరిపోతున్నాయి. మొగుణ్ని అనుమానించే ఆడవాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ బుద్ధి చెప్పిన నోరు తనది. ఆ బుద్ధులేవీ ఇప్పుడు తనకు పనికిరాలేదు.

గురువారం రెండింటికి గొడుగు చాటున ఆయన వెనకే నడిచింది. ఆయన అటూ ఇటూ చూసి దర్జీ ఇంట్లోకి వెళ్లాడు. అటూ ఇటూ చూడాల్సిన అవసరమేమిటి? కాసేపాగి తలుపు తోసింది.

గుడ్డలు కత్తిరించే పొడవాటి బల్లమీద ఆమె భర్త బూట్లు కూడా విప్పకుండా నిద్రపోతున్నాడు. కుట్టుమిషను మీద ఫోను, ఆపేసి ఉంది. ఇంకెవరూ లేరు. సిగ్గు విడిచి పరదా వెనక కూడా చూసింది!

అలికిడికి ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నువ్వా... ఏం వెతుకుతున్నావు?"

"మీరు ఎవరికోసం వస్తున్నారో దాన్ని!"

"ఎవరూ లేరే... ఎవరూ ఉండరనే వస్తున్నాను." ఆయన బల్ల అంచుకు జరిగి కూర్చున్నాడు. "రెండు నెలల కిందట బిడ్డ పోయిన ఇంట్లో ప్రార్థన మొదలుపెట్టాను. మాట రాలేదు. దగ్గొచ్చినట్టు నటించి బయటికొచ్చేశాను. పడుకున్నానని ఆ పుస్తకంలో ఎలా రాయమంటావు? నా అవస్థ చూడలేక గుమాస్తావిడే ఏదో రాసింది."

"నాకు చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు కూడా ‘ప్రార్థన చేసుకోండి, తగ్గిపోతుంది’ అంటావేమోనని..."

నిజమే... తను సరిగ్గా అదే అనేది! ఆ బల్ల పక్కనే కూలబడి, ఆయన బూట్లు విప్పుతూ వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం సంఘపెద్ద పుస్తకం తెరిచాడు. ప్రసంగం సాగినంతసేపూ గడియారమే చూస్తాడని అందరూ ఆయన్ని గడియారం పెద్దాయన అంటారు. పుస్తకంలోనూ ఇళ్ల పేర్లకన్నా గంటలే లెక్కపెడతాడు. ఆ వారం దర్జీ ఇల్లు లేదు. ఆ వరుసలో కొత్త చేతిరాత.

"పరామర్శించినది పాస్టరుగారిని. స్థితి, బాగా అలసిపోయారు. పరామర్శించినవారు, భార్య..." ఆయన తలెత్తాడు. "ఇదేమిటమ్మా?"

"ఉన్నమాటేనండీ. ఇకనుంచి ప్రతి గురువారం ఇదే ఉంటుంది. ఆ పూట ఎవరొచ్చినా మా తలుపు తెరవను."

పెద్దాయన మొదటిసారి గడియారాన్ని కాక మనిషిని చూశాడు. "నువ్వు సెలవు తీసుకుని ఎన్నాళ్లయింది, బాబూ?"

పాస్టరు తల వంచుకున్నాడు. మూలనుంచి గుమాస్తావిడ నెమ్మదిగా అంది. "పదకొండేళ్ల పుస్తకాలు వెతికానండీ. ఎక్కడా లేదు."

పెద్దాయన పుస్తకాన్ని, పెన్నును పాస్టరుగారి భార్య ముందుకు జరిపాడు.

"వచ్చే గురువారానిది కూడా ఇప్పుడే రాసెయ్యమ్మా."