పేరున్నోడు

రండి, జరగండి, ఇంకొంచెం దగ్గరికి. గడప మీద కూర్చున్న తల్లీ, నువ్వూ లోపలికి రా. ఈ కథ వినేటప్పుడు వీపు వెనక ఖాళీ ఉండకూడదు. పిల్లలుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. గుట్ట మీది నరసింహస్వామికి మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇక వినండి.

ఉప్పల్ రింగు రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేని రోజులవి. ఆ రోడ్డు పక్క సందులో దుర్గేష్ అనే కుర్రాడికి సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఇల్లు నాచారంలో, ఫ్యాక్టరీల వెనక రేకుల పోర్షను. అందులో దుర్గేష్, వాళ్ళమ్మ లక్ష్మీనర్సమ్మ, అక్క సంతోషి, బావ బుచ్చిరాములు, అక్కాబావల కొడుకు. ఆ పిల్లవాడికి మేనమామ అంటే ప్రాణం. మేనమామకి వాడంటే అంతకు రెండింతలు.

పిల్లవాడి పేరు పెంటయ్య. నవ్వకండి. వాడికంటే ముందు సంతోషికి ఇద్దరు పుట్టారు. మౌనిక అని ఒక ఆడపిల్ల, భార్గవ్ అని ఒక మగపిల్లవాడు. ఇద్దరికీ ముచ్చటపడి మంచి పేర్లు పెట్టుకున్నారు. ఇద్దరూ ఉయ్యాల దిగకుండానే పోయారు. అందుకని మూడోవాడు పుట్టగానే లక్ష్మీనర్సమ్మ వాణ్ణి చాటలో పడుకోబెట్టి, వీధి చివర చెత్తకుప్ప మీద పెట్టి వచ్చేసింది. పక్కింటావిడ వెళ్ళి ఎత్తుకుంది. ఆమెకు గుప్పెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కున్నారు. పెంట మీద దొరికినవాడు పెంటయ్య. ఎవరూ ఆశపడని బిడ్డ, ఎవరూ ఎత్తుకుపోని బిడ్డ. అదీ ఆ పేరులోని రక్షణ.

అసలు పేరు వేరే ఉంది. స్వామి ముందు దీపం పెట్టి అనుకున్న పేరు. ఐదో ఏట గుట్ట మీద పుట్టువెంట్రుకలు తీయించి, మేనమామ చెవిలో పిలిచేదాకా అది బయటికి రాకూడదని మొక్కు. కన్నతల్లికి కూడా చెప్పలేదు, ముద్దులో నోరు జారుతుందని. అమ్మమ్మకు తెలుసు, మేనమామకు తెలుసు, స్వామికి తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు. నేను మాత్రం చెప్పను.

ఐదో ఏడు రానే వచ్చింది. మంచి రోజు చూసుకుని గుట్టకు పోవాలనుకుంటుండగా, ఏఎస్ రావు నగర్‌లో ఎవరో పాత సామాను వదిలించుకుంటుంటే దుర్గేష్ ఒక వీడియో గేమ్ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, సెల్స్ వేసి ఆడుకునేది. వింత జీవాలను పట్టి పెంచే ఆట ఉంది అందులో. మొదట మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. నిప్పుది, ఆకుది, నీళ్ళది. ఎంచుకున్నదాన్ని గడ్డిలో తిప్పి అడవి జీవాలతో కొట్లాడించాలి. గెలిచినకొద్దీ దాని లెవెల్ పెరుగుతుంది. బాగా పెరిగాక తెర తెల్లగా మెరిసి, చిన్న రూపం పోయి పెద్ద రూపం వస్తుంది. వద్దనుకుంటే బి బటన్ నొక్కి ఆపవచ్చు. కానీ అది ఊరుకోదు. ఇంకో లెవెల్ రాగానే మళ్ళీ మారాలని చూస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పెంటయ్య నీళ్ళదాన్ని ఎంచుకున్నాడు. నీలం రంగు, గుండ్రటి పొట్ట, కప్పపిల్లలాంటి మొహం. "నా లెక్కనే ఉంది మామా," అని మురిసిపోయాడు. దీనికి ఏం పేరు పెట్టమంటావు అని ఆట అడిగింది. "నా పేరు పెట్టు," అన్నాడు వాడు.

ఆ పొద్దున్నే ఒకటి జరిగింది. పక్క మేడ పై వాటాలో ఉండే ఇంటి ఓనరు ఛాయాదేవి గారు, గుంటూరు వైపు మనిషి, టీచరుగా చేసి రిటైరైనావిడ, మెట్ల దగ్గర దుర్గేష్‌ని ఆపి నవ్వింది. "జూన్‌లో బళ్ళో వేస్తారు కదయ్యా. పెంటయ్యా అని పిలిస్తే తోటి పిల్లలు వాణ్ణి బతకనిస్తారా?" ఆమెది చెడ్డ మనసు కాదు. కానీ ఆ మాట దుర్గేష్‌కి ముల్లులా దిగింది.

అందుకే పేరు కొట్టబోయినప్పుడు అతని వేలు ఆగింది. ఇంత ముద్దొచ్చే జీవానికి ఆ పేరా అనిపించింది. ఎట్లాగూ కొన్నాళ్ళలో పిలిచే పేరే కదా. నోటితో అంటున్నానా ఏమన్నా, వేళ్ళతోనే కదా అనుకున్నాడు. మొక్కులో రాత సంగతి ఎవరూ చెప్పలేదు మరి. ఒక్కో అక్షరం నొక్కాడు. అసలు పేరు తెర మీద వెలిగింది. పిల్లవాడికి చదువు రాదు కాబట్టి పెంటయ్య అనే ఉందనుకుని చప్పట్లు కొట్టాడు. నీలం జీవం ఒకసారి ఎగిరి కూసింది.

మొదట్లో అంతా సరదాయే. మామ ఒళ్ళో వాడు, వాడి చేతిలో డబ్బా. అన్నం తింటూ తెరకు పప్పు ముద్ద పెట్టేవాడు. అడవిలో దొరికిన రెండు జీవాలను పట్టి తోడుగా పెట్టుకున్నారు. వాటికి పేర్లు పెట్టలేదు.

తర్వాత పెంటయ్య తిండి తగ్గింది. పిలిస్తే పలకడం మానేశాడు. అమ్మమ్మ వాకిట్లోంచి పెంటయ్యా, పెంటయ్యా అని అరిచినా ఇంకెవరినో పిలుస్తున్నట్టు చూసేవాడు. చేతులు చల్లగా ఉండేవి. పొద్దున లేచేసరికి తలగడ తడిసి ఉండేది. చెమట కాదు... నాచు వాసన, చెరువు అడుగు బురద వాసన. దవాఖానాలో చూపిస్తే ఏం లేదన్నారు. దుర్గేష్‌కి ఎందుకో మనసు కీడు శంకించి, గేమ్ కట్టేసి బియ్యం డబ్బా వెనక దాచాడు.

ఇక ఆ సాయంత్రం.

సంతోషి చుట్టాలను గుట్టకు పిలవడానికి బోడుప్పల్ వెళ్ళింది. బుచ్చిరాములు డ్యూటీలో ఉన్నాడు. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. ఫ్యాక్టరీల చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయి, వీధి చెవులు మూసినట్టయింది. లక్ష్మీనర్సమ్మ స్వామి పటం ముందు దీపం వెలిగించింది. చాప మీద పెంటయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బియ్యం డబ్బా వెనక సన్నగా పాట మోగింది. ఆ ఆట పాట.

దుర్గేష్ వెళ్ళి తీశాడు. తెర వెలుగుతోంది. ఎవరూ ముట్టుకోలేదు, అయినా నీలం జీవం లెవెల్ తాను ఆపిన చోట లేదు. ఎంతో పెరిగింది. పక్కనే తోడు జీవాలు రెండు. పేర్లు పెట్టనివి. ఇప్పుడు వాటి కింద పేర్లున్నాయి.

ఒకటి మౌనిక.

ఇంకోటి భార్గవ్.

అంతలో తెర తెల్లబడింది. తాను రాసిన ఆ పేరు గల జీవం మారుతోందని అక్షరాలు వచ్చాయి. నీలం ఆకారం కరిగి సాగుతోంది... వెనక చాప మీద గొరగొరమని చప్పుడు. నీళ్ళలో మునిగిన బుడ్డిలోంచి గాలి వస్తున్నట్టు. దీపం వెలుగులో పెంటయ్య వీపు కదులుతోంది. ఊపిరికి కదిలినట్టు లేదు. లోపల ఎవరో ఇటు నుంచి అటు తిరిగి పడుకుంటున్నట్టుంది.

దుర్గేష్ బి బటన్ నొక్కాడు.

తెర ఆగింది. చప్పుడు ఆగింది. పిల్లవాడు దగ్గి, ఊపిరి తీసుకున్నాడు.

అతను డబ్బా వెనక మూత పీకి సెల్స్ బయటికి లాగాడు. తెర చీకటైంది. చాప మీద ఊపిరీ ఆగింది. లక్ష్మీనర్సమ్మ పిల్లవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొడుకు వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక అతను సెల్స్ మళ్ళీ తోసేశాడు. తెర వెలిగింది. పిల్లవాడి ఛాతీ లేచింది. డబ్బా అంచున ఎర్ర లైటు మాత్రం మినుకుమంటోంది. సెల్స్ అయిపోవచ్చాయి.

"ఏం జేసినవ్ రా?" అంది తల్లి, గొంతు పైకి రానివ్వకుండా.

అతను చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"పేరు ఇచ్చినవ్. మల్ల గుంజుకోనీకి తొవ్వ లేదా?"

ఉంది. ఆటలో ఒక ఊరి చివర ఒక ముసలాయన ఉంటాడు. అడిగితే జీవాల పేర్లు మారుస్తాడు. కానీ అక్కడికి పోవాలంటే మోకాలెత్తు గడ్డి దాటాలి. గడ్డిలో అడుగుకో జీవం ఎదురొస్తుంది. ఆ నీలందే ముందు నిలబడి కొట్లాడుతుంది. గెలిస్తే లెవెల్ పెరుగుతుంది. పెరిగితే...

"నడువ్," అంది ఆమె. గోడ గడియారంలోంచి, టార్చిలోంచి సెల్స్ పీకి అతని పక్కన పెట్టింది. కాళ్ళు ముడిచి చాటలో పెంటయ్యను పడుకోబెట్టి ఒళ్ళోకి తీసుకుంది. గుట్టకు పోయేముందు ముడుపు కట్టాలని తవుడు ముందే తెచ్చి పెట్టుకుంది. అందులోంచి గుప్పెడు తీసి పిడికిలి బిగించింది. పెదాలు నరసింహా, నరసింహా అంటున్నాయి.

దుర్గేష్ తెర మీది గడ్డిలోకి నడిచాడు. మొదటి కొట్లాట. పారిపోదామంటే పోనివ్వలేదు. నీలందే గెలిచింది. తెర తెల్లబడింది, బి నొక్కాడు. ఇంకో కొట్లాట. మళ్ళీ తెలుపు, మళ్ళీ బి. ప్రతిసారీ ఆ తెలుపు కాస్త ఎక్కువసేపు ఉంటోంది. ప్రతిసారీ బటన్ కింద ఏదో ఎదురు తోస్తోంది... లోపలి నుంచి ఇంకో చిన్న బొటనవేలు నొక్కుతున్నట్టు. గదిలో బురద వాసన కమ్ముకుంది.

"మామా," అంది చాటలోని గొంతు. పెంటయ్య గొంతే. కానీ మెత్తగా, పెద్దవాళ్ళు బుజ్జగించినట్టు. "జర ఇడువు మామా. నేను పెద్దగైత."

వేలు సడలబోయింది. ఎందుకంటే ఆ మాటలో గారాబం ఉంది చూశారూ, అది అచ్చం వాడిదే.

"అటు జూడకు," అంది తల్లి. "వీడు పెదాలు గదిలిస్తలేడు."

అతను చూడలేదు. ఎర్ర లైటు ఆరిపోబోయి మళ్ళీ వెలిగింది. సెల్స్ మార్చాలంటే తెర ఆరిపోవాలి, అందుకని పక్కనున్నవి ముట్టలేదు. గడ్డి అయిపోయింది. ముసలాయన ఇల్లు. లోపలికి పోయాడు. ఎవరి పేరు మార్చాలి అని అడిగాడు ముసలాయన. దుర్గేష్ నీలందాన్ని చూపించాడు. పాత పేరు ఒక్కో అక్షరం చెరిపాడు. ఒక్కోటి చెరిపినప్పుడల్లా రేకుల మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టు ధన్... ధన్... అన్నది. కొత్త పేరు కొట్టాడు. పెంటయ్య.

లక్ష్మీనర్సమ్మ పిడికిలి తెరిచి తవుడు డబ్బా మీద పోసింది. "పెంట మీద దొరికినోడు. మేం కొనుక్కున్నం. మీకు పనికిరాడు."

పిల్లవాడు కెవ్వుమని ఏడ్చాడు. పుట్టినప్పుడు ఏడ్చినట్టు. "అమ్మమ్మా, ఆకలైతుంది," అన్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది.

దుర్గేష్ తెర వైపు చివరిసారి చూశాడు. తోడు జీవాలు రెండూ వీపు తిప్పుకుని ఉన్నాయి. వాటి మధ్యలో కాస్త చోటు వదిలి నిలబడ్డాయి. తర్వాత సెల్స్ అయిపోయి తెర ఆరింది. పిల్లవాడి ఊపిరి ఆగలేదు.

మర్నాడు చెత్త లారీ వచ్చినప్పుడు ఆ డబ్బాను తవుడుతో సహా గుడ్డలో మూటకట్టి అందులో వేశారు. లారీ జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు పోయింది. ఛాయాదేవి గారు మెట్ల మీద నిలబడి, ఏమిటి లక్ష్మీనర్సమ్మా, పెంటయ్య బాగున్నాడా అని అడిగింది. ఆ పేరు ఆమె నోట వినబడగానే లక్ష్మీనర్సమ్మ ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

మంచి రోజున అందరూ ఉప్పల్‌లో బస్సెక్కి గుట్టకు పోయారు. ఎండ చక్కగా కాస్తోంది. పెంటయ్య తల నున్నగా గీయించి గంధం పూశారు. సంతోషి కొడుకు అసలు పేరు ఇవాళ మొదటిసారి వినబోతున్నానని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. దుర్గేష్ తల్లి వైపు చూశాడు. మొక్కు మొక్కే, పిలువు అన్నట్టు ఆమె తలూపింది. అతను మెట్ల మీద మోకాళ్ళూని, పిల్లవాడి చెవి దగ్గరికి వంగి, ఆ పేరు పిలిచాడు.

వాడు పలకలేదు. తల తిప్పి మెట్ల కిందికి, తాము వచ్చిన దారి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మామా," అన్నాడు మెల్లగా. "నాకంటే ముందల ఆడు పలికిండు."

"ఎవడు రా?"

"పేరున్నోడు." పిల్లవాడు మామ చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. "మస్తు పెద్దగైండు మామా."

అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. బళ్ళో కూడా పెంటయ్యే అని రాయించారు. నవ్వినవాళ్ళు నవ్వారు.

మీరు ఇళ్ళకు వెళ్ళేముందు ఒక్క పని మనసులో పెట్టుకోండి. పొద్దు గూకే వేళ పిల్లలను లోపలికి పిలుస్తారు కదా. ఆఁ వస్తున్నా అన్న గొంతు విని తలుపేసుకోకండి. వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా నిలబడండి. తల మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందని తెలిశాకే గడియ పెట్టండి. ఇవాళ చేయండి. రేపూ చేయండి. రోజూ చేయండి.

పలికేవాళ్ళందరూ మన పిల్లలు కారు.